తాళం వేసిన ఇంటి బల్బు

రిటైరయ్యాక కూడా జనం నన్ను వదల్లేదు. పెళ్లికి వెళ్తే చేతులు కడుక్కునే చోట పట్టుకుంటారు. ఆస్పత్రికి వెళ్తే వరండాలో పట్టుకుంటారు. "కరెంటు పోయినప్పుడు ఇంటికి ఏది మంచిదండీ, ఇన్వర్టరా, జనరేటరా?" అని అడుగుతారు. వాళ్లకు కావలసింది ఒక్క మాట. నేనేమో ఎదురు ప్రశ్న వేస్తాను. "ఏది కొన్నా సరే, దాన్ని తీసుకెళ్లి ఎక్కడ తగిలిస్తారు?" అంటాను. ఈ మనిషికి చాదస్తం ముదిరిందనుకుని వెళ్లిపోతారు. చాదస్తమే, కాదనను. అది నాకెక్కడ పట్టుకుందో ఇవాళ రాస్తాను. లైన్ల మీద కొత్తగా చేరినవాళ్లు చదివితే చాలు.

మాది గోదావరి జిల్లా. నాన్నకు పోర్టులో పని దొరికి విశాఖపట్నం వచ్చాం. నేను కరెంటు ఆఫీసులో హెల్పరుగా చేరి, లైన్ ఇన్‌స్పెక్టరుగా దిగిపోయాను. చివరి పన్నెండేళ్లూ జాలరిపేట నా సెక్షన్‌లోనే ఉండేది. నాతో పనిచేసిన లైన్‌మన్‌ది మల్కాపురం. నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు. నన్ను బావా అనేవాడు, నేనూ అతన్ని అలాగే పిలిచేవాణ్ణి. చెప్పులు విప్పి, స్తంభాన్ని తాకి కళ్లకద్దుకోనిదే ఎక్కేవాడు కాదు. నేను వెక్కిరిస్తే, శ్మశానం పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఎత్తేవాడు. అక్కడికి వెళ్లాల్సి వచ్చినప్పుడు నేను అతన్నే ముందు నడవమనేవాణ్ణి మరి. "మా బావ సదువుకున్నోడే గాని, బయం మా సెడ్డది" అని ఆఫీసంతా వినేలా నవ్వేవాడు.

మా పనిలో ఒక పద్ధతుంది. స్తంభం మీదికి మనిషిని పంపేముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పింగాణీ ఫ్యూజులు పీకేస్తాం. పీకి అక్కడే పెట్టం. ఎవడో పుణ్యాత్ముడు వచ్చి మళ్లీ తగిలించేయగలడు. అందుకని నేను వాటిని నా భుజానికున్న ఖాకీ సంచిలో వేసుకునేవాణ్ణి. మనిషి కిందికి దిగి, ఎదురుగా నిలబడి, "అయిపోయింది బావా" అనేదాకా ఆ సంచి విప్పేది లేదు. జాలరిపేటలో నన్ను పీజుల బాబు అనేవారు. ఆడవాళ్లు చేపల గంపలు దించి మరీ నా సంచి కేసి చూసేవారు.

రెండో పద్ధతి కూడా ఉంది. ఫ్యూజులు పీకాక కూడా, తీగలన్నిటినీ ఇనుప గొలుసుతో కలిపి భూమికి కట్టాలి. అప్పుడు ఎటునుంచి కరెంటు వచ్చినా మనిషిని ముట్టుకోకుండా మట్టిలోకి పోతుంది. ఇది గుర్తుంచుకోండి.

సముద్రం వైపు దిగే ఒక సందులో రెండు ఇళ్ల గురించి చెప్పాలి. ఒకటి బోటు యజమానిది, మేడ. అతని తల్లికి ఊపిరితిత్తులు పాడై, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టారు. ఆ మిషన్ కరెంటు మీద నడుస్తుంది. నాలుగిళ్లవతల రెండోది, చిన్న శ్లాబు ఇల్లు. ఆ ఇంటాయన ఒకరోజు వేటకు వెళ్లాడు. అతని తెప్ప మాత్రం తిరిగొచ్చింది. అతను రాలేదు. అతని భార్య మట్టుకు వాకిట్లో బల్బు స్విచ్చి ఏనాడూ ఆపలేదు. పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండేది. మీటరు చూడడానికి వెళ్లినప్పుడు ఒకసారి, పగలెందుకమ్మా దండగ అన్నాను.

"నీల్ల మీంచి సూస్తే మా ఇల్లేదో తెలవాల గదా బాబూ" అంది. ఆ తర్వాత నేను ఆ మాట ఎత్తలేదు.

సందుకంతకీ ఆ బల్బే గుర్తు. కరెంటు పోయి మళ్లీ వచ్చిందంటే ముందు అక్కడ తెలిసేది. ఎవరో ఒకరు గుమ్మంలోంచి తొంగిచూసి, "ఆలింట బలుబు ఎలిగింది, కరెంటొచ్చీసింది" అని కేకేసేవారు.

విశాఖలో పెద్ద తుఫాను వచ్చిన ఏడాదికి మూడేళ్ల ముందు బోటు యజమాని నా దగ్గరకొచ్చాడు. కరెంటు పోతే తల్లి కళ్లు తేలేస్తోందని, ఏం కొనమంటారని అడిగాడు. నేను ఆలోచించే చెప్పాను. ఆ మిషన్ రోజంతా నడవాలి. ఇంట్లో పెట్టుకునే ఇన్వర్టరు మీద గంటో రెండు గంటలో నడుస్తుంది, ఆ తర్వాత బ్యాటరీ చేతులెత్తేస్తుంది. పైగా సముద్రం గాలికి బ్యాటరీకి వైర్లు బిగించే చోట పచ్చటి బూజు పట్టి ఆర్నెల్లకే నాశనమవుతుంది. బోటు ఇంజన్ విప్పి బిగించే మనిషికి చిన్న పెట్రోలు జనరేటరు ఒక లెక్కా? పాడైతే తనే బాగుచేసుకుంటాడు. అందుకని జనరేటరు కొనమన్నాను. ఆ సలహా ఇప్పటికీ సరైనదే.

కొన్నాడు. మరి ఇంటికి ఎలా తగిలించాలి? కరెంటు ఒకవైపు, జనరేటరు ఒకవైపు, రెండూ ఎప్పుడూ కలవకుండా మధ్యలో ఛేంజోవర్ స్విచ్చి పెట్టాలి. లేదా ఆ మిషన్ ప్లగ్గు తీసుకెళ్లి తిన్నగా జనరేటర్‌కే గుచ్చాలి. ఈ రెండే దారులు. కానీ అతనికి ఫ్యానూ లైటూ కూడా వెలగాలి, అదీ ఆ సాయంత్రమే కావాలి. లోపల అతని భార్య వంజరం ముక్కలు వేయిస్తోంది. నేను వాళ్ల అరుగు మీద కూర్చుని, రెండు కొసలకీ మగ ప్లగ్గులున్న వైరు ఒకటి తయారుచేశాను. ఒక కొస జనరేటర్‌లో, రెండోది ఇంట్లో ఏదో ఒక సాకెట్‌లో పెడితే ఇల్లంతా వెలుగుతుంది. ప్లగ్గుల దగ్గర ఎర్ర టేపు, దానిమీద నల్ల టేపు మూడు చుట్లు చుట్టాను. అది నా అలవాటు.

"ముందు మెయిన్ ఆపు, తర్వాతే ఈ వైరు పెట్టు. మర్చిపోయావో, నీ జనరేటర్ కరెంటు వీధి తీగల్లోకి ఎక్కుతుంది" అన్నాను.

"అయ్యబాబోయ్, మర్సిపోతానేటండి" అన్నాడు.

నేను చేపముక్కలు తిని, చేయి కడుక్కుని వచ్చేశాను. ఏది కొనాలో సరిగ్గా చెప్పాను. ఎక్కడ తగిలించాలన్న దగ్గరే గడ్డి తిన్నాను.

ఆ తర్వాత తుఫాను వచ్చింది. విశాఖలో ఉన్నవాళ్లకు తుఫాను గురించి నేను చెప్పక్కర్లేదు. ముందురోజు ఆటోలో మైకు పెట్టి, అందరూ ఇళ్లలో మెయిన్లు ఆపేసి వెళ్లిపొమ్మని చెప్పించారు. సందంతా ఖాళీ అయింది. బల్బు ఇంటావిడ తలుపుకు తాళం వేసి తగరపువలసలో ఉన్న పుట్టింటికి వెళ్లింది. ఈసారి అక్కడే ఉండిపోతానని, ఇల్లు అద్దెకిచ్చేస్తానని పక్కింటివాళ్లతో చెప్పి మరీ వెళ్లిందట. బోటు యజమాని మాత్రం తల్లిని కదిలించే వీల్లేక ఇంట్లోనే ఉన్నాడు.

మూడో రోజుకు ఆ సందు వంతు వచ్చింది. చివర కొబ్బరిచెట్టు పడి ఒక తీగ తెగింది. నేనూ బావా వెళ్లేసరికి మధ్యాహ్నం రెండయి ఉంటుంది. కానీ ఆకాశం నల్లగా దిగిపోయి మునిమాపులా ఉంది. ఇళ్లన్నిటికీ తలుపులు వేసే ఉన్నాయి. గోడల మీద అడుగెత్తున ఇసుక మరక. సముద్రం ఒడ్డున బోట్లలో నీళ్లు తోడడానికి ఇంజన్లు ఆడిస్తున్నారు. ఆ దడదడలో పక్కనున్న మనిషి మాట కూడా వినబడడం లేదు.

చేపలమ్మే పెద్దావిడ ఒకామె అప్పుడే తుఫాను శిబిరం నుంచి తిరిగొచ్చి, ఇంటిముందు ఇసుక ఎత్తుకుంటోంది. మమ్మల్ని చూసి దగ్గరకొచ్చింది.

"పీజుల బాబూ, ఆలింట బలుబు నిన్న సందేళ ఎలిగింది" అంది. గొంతు తగ్గించి చెప్పింది.

"కరెంటే లేదు గదమ్మా."

"అదే గదా నానంతన్నాను. కాసేపు ఎలిగి ఆరిపోయింది. ఆడొచ్చేడేటో" అని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆ సంగతి బయటపడకూడదని గట్టిగా నవ్వాను. బావ నవ్వలేదు. ఆ ఇంటి వైపు ఒకసారి చూసి, చెప్పులు విప్పి, స్తంభానికి దణ్ణం పెట్టాడు.

ఇప్పుడు నా పని చెబుతాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మూడు ఫ్యూజులూ పీకి సంచిలో వేసుకున్నాను. గొలుసు మాత్రం లేదు. పొద్దున్నే ఇంకో బ్యాచ్ వాళ్లు పట్టుకుపోయారు. "గొలుసేదీ బావా?" అని అతను అడిగాడు. నేను సంచి తట్టి చూపించాను. "మూడూ ఇక్కడే ఉన్నాయిగా, ఎక్కు" అన్నాను. ముప్పయ్యేళ్లు నా సంచిని నమ్మినవాడు, ఆ రోజూ నమ్మాడు.

అతను పైకెక్కి బెల్టు కట్టుకున్నాడు. తడి చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. చేతికి తొడుగులు లేవు. కటింగ్ ప్లేరు నోట్లో పెట్టుకుని తీగ వైపు వంగుతున్నాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని, ఊరికే సందు కిందికి చూశాను.

తాళం వేసిన ఇంటి ముందు బల్బు వెలుగుతోంది.

మామూలుగా వెలిగినట్టు లేదు. పచ్చగా పెరిగి, ఎర్రగా తగ్గి, మళ్లీ పెరుగుతోంది. మనిషి ఊపిరి తీసినట్టే ఉంది. సందులో ఇంకెక్కడా చిన్న వెలుగైనా లేదు. చేపలావిడ చేతిలో పార వదిలేసి అలా నిలబడిపోయింది. చనిపోయిన మనిషి తన వాకిట్లో నిలబడి మమ్మల్ని చూస్తున్నాడనిపించింది నాకు. ఇలాంటివి నమ్మనని అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఆ నిమిషంలో నమ్మాను. నా చేయి సంచి మీదికి పోయింది. మూడు ఫ్యూజులూ తగిలాయి. అప్పుడు వెలిగింది బుర్రలో. నా ఫ్యూజులు నా దగ్గరే ఉంటే, ఆ బల్బుకు కరెంటు ఇంకెక్కడినుంచో వస్తోంది. అదే కరెంటు బావ తల మీదున్న తీగలోనూ ఉంది.

"ముట్టుకోకు!" అని అరిచాను. ఇంజన్ల మోతలో నా అరుపు నాకే వినబడలేదు. నిచ్చెన పట్టుకుని ఊపేశాను. అతను పడబోయి, స్తంభాన్ని కావలించుకుని కిందికి చూసి బూతులు తిట్టాడు. నేను జేబులోంచి టెస్టరు తీసి చూపించి, తీగ వైపు సైగ చేశాను. అతను తన టెస్టరు తీసి తీగకు ఆనించాడు. అందులో ఎర్రదీపం వెలిగింది. అతని ముఖంలో రంగు దిగిపోవడం కింద నుంచే కనిపించింది.

దిగి తడి ఇసుకలో కూలబడ్డాడు.

"ఎవుడు సెప్పేడు బావా నీకు?" అన్నాడు.

నేను వేలితో చూపించాను. బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది.

అతన్ని అక్కడే వదిలి, తీగ వెంబడి ఇంటింటికీ చూసుకుంటూ వెళ్లాను. బోటు యజమాని పెరట్లో జనరేటరు నడుస్తోంది. వంటింట్లో మెయిన్ స్విచ్చి పైకి, వేసే ఉంది. సాకెట్‌లో వైరు. ఎర్ర టేపు మీద నల్ల టేపు, మూడు చుట్లు.

"మెయిన్ ఎప్పుడు వేశావు?" అన్నాను.

"మీరొచ్చింది సూసేనండి. కరెంటు ఇచ్చీడానికే వొచ్చేరు గదాని ముందుగాల ఏసీసేను. నిన్న సాయంత్రం కూడా వొచ్చిందేమోనని ఓపాలి ఏసి సూసేను." అతనికి ఇంకా అర్థం కాలేదు. నన్ను చూసి సంతోషపడుతున్నాడు.

మమ్మల్ని చూసే వేశాడు. మేము రాకపోతే వేసేవాడే కాదు. నేను మెయిన్ ఆపేసి, ఆ వైరు పీకేశాను. పెద్దావిడ మిషన్ ప్లగ్గు తీసుకెళ్లి తిన్నగా జనరేటర్‌కే గుచ్చాను. నిమిషం కూడా పట్టలేదు. మూడేళ్ల క్రితమే చేయాల్సిన పని అది. వైరు మడిచి నా సంచిలో, ఫ్యూజుల పక్కన దాచుకున్నాను. బయటికి వచ్చేసరికి బల్బు ఆరిపోయి ఉంది.

ఆ రోజు నేను నిజం చెప్పలేదు. జనరేటర్ సంగతి చెబితే వైరు సంగతి వస్తుంది. వైరు ఎవరు కట్టారంటే నా పేరు వస్తుంది. బోటు యజమానిని ఎవరితోనూ అనొద్దని బతిమాలుకున్నాను. బావ అడిగితే, "ఏమో, ఎక్కడో తీగలు కలిశాయి" అన్నాను. అతను నా కేసి ఒక క్షణం చూసి, చెప్పులు తొడుక్కున్నాడు. సందంతా ఒకటే మాట చెప్పుకుంది. సముద్రంలో పోయినాయన వచ్చి, తన బల్బు వెలిగించి, లైన్‌మన్‌ని బతికించాడని. నాకు అదే హాయిగా ఉంది. దెయ్యం నా తప్పును కప్పేసింది.

పదిరోజులకు ఆ మాట తగరపువలస చేరింది. ఆమె ఇల్లు అద్దెకిస్తానన్న ఆలోచన మానుకుని తిరిగొచ్చేసింది. ఆఫీసుకు వచ్చి నన్నే అడిగింది. "నిజిమేనా బాబూ? బలుబు ఎలిగిందా?"

"వెలిగిందమ్మా" అన్నాను. ఎలా వెలిగిందో చెప్పలేదు.

అప్పటినుంచి ఆమె ఆ ఇల్లు కదల్లేదు. పుట్టింటివాళ్లు వచ్చి రమ్మని ఏడ్చినా వెళ్లలేదట. బావ ఆమెను, అక్కను పిలిచినట్టు, అప్పా అని పిలవడం మొదలుపెట్టాడు. బల్బు మాడిపోతే తనే కొత్తది తెచ్చి పెట్టేవాడు. ఏటా తుఫాను వచ్చిన ఆ రోజున ఆ వాకిట్లో కొబ్బరికాయ కొట్టేవాడు. అది చూసినప్పుడల్లా సంచి సర్దుకుంటూ పక్కకు తప్పుకునేవాణ్ణి. ఒక ఆడమనిషిని నా అబద్ధంతో ఆ గుమ్మానికి కట్టేశాననిపించేది. అయినా నోరు విప్పలేదు. పిరికితనానికి ఇంకో పేరు పెట్టి ఏం లాభం?

నా రిటైర్మెంట్ సభలో బావ మైకు పట్టుకుని ఆ కథ చెప్పి, అందరి ముందూ కళ్లు తుడుచుకున్నాడు. "మా బావ నిచ్చెన ఊపకపోతే నానీ పాటికి ఫొటోలో ఉందును" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్నే జాలరిపేట వెళ్లాను.

ఆమె వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. తల మీద బల్బు ఎండలో వెలుగుతోంది. నేను నిలబడే అంతా చెప్పేశాను. జనరేటరు, వైరు, వేయించిన వంజరం, గొలుసు లేకుండా ఎక్కించడం, దాచడం. "మీ ఆయన రాలేదమ్మా. నేను కట్టిన వైరులోంచి వచ్చిన కరెంటది. ఇన్నేళ్లూ నా మూలంగా ఇక్కడ ఉండిపోయావు. క్షమించు" అన్నాను.

ఆమె చేపలు తిరగేయడం ఆపలేదు.

"జనరేటర్ సంగతి నాకెప్పుడో తెలుసు బాబూ. తిరిగొచ్చిన మర్నాడే ఆ ముసల్దే సెప్పింది. దానికి ఊపిరాడదు గాని నోరూరుకోదు" అంది.

"మరి తెలిసీ ఎందుకున్నావు?"

ఆమె చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైంది. తిరిగొచ్చి నా చేతిలో ఒక వస్తువు పెట్టింది. ఇంటి మెయిన్ దగ్గర ఉండే చిన్న పింగాణీ ఫ్యూజు. ఒక మూల పెచ్చు ఊడింది. లోపల తీగ చెక్కుచెదరలేదు.

"మైకులో కరెంటు ఆపీమన్నారు. బలుబు స్విచ్చి ఆపడానికి నాకు మనసొప్పలేదు. నువ్వు పీజులు పీకి సంచిలో ఏసుకోడం నానెన్నిసార్లు సూడలేదు? అలగే నానూ ఇది పీకీసి, కొంగున కట్టుకుని తగరపువలస ఎల్లేను. పది రోజులూ నా కొంగులోనే ఉంది."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ ఫ్యూజును తిప్పి మళ్లీ చూశాను. అది లేకపోతే వీధి తీగలో ఎంత కరెంటున్నా ఆ ఇంట్లోకి రాదు. జనరేటర్‌దైనా, ట్రాన్స్‌ఫార్మర్‌దైనా రాదు. ఈ ఒక్క విషయంలో నా చదువుకు పొరపాటు లేదు.

"నువ్వు పొరబడ్డావేమో అమ్మా. తుఫానుకు ముందు కాదేమో, తర్వాత పీకావేమో."

"నాను పొరబడితే, మరి నన్ను అప్పా అనే ఆ తమ్ముడో?" అంది. "నానొచ్చిన రోజు, ఇది పెచ్చూడిందని, కొత్త పీజు ఏసింది ఆడే గదా. కాళీగా ఉన్న సోటు ఆడూ సూసేడు. నీకప్పుడే సెప్పీమన్నాను. ఒద్దప్పా, మా బావకి బయం మా సెడ్డది, మల్లీ ఈ సందులోకి రాడు అన్నాడు."

ఆమె ఫ్యూజు నా చేతిలోంచి తీసుకుని కొంగుతో తుడిచింది.

"కరెంటు నీకు తెలుసు గదా బాబూ. ఎలగ ఎలిగిందో నువ్వే సెప్పు."

ఇప్పటికీ చెప్పలేను. ఆమె ఫ్యూజును మళ్లీ బియ్యం డబ్బాలో దాచి, వచ్చి చేపల దగ్గర కూర్చుంది. నేను సందు పైకి నడిచాను. పట్టపగలు, ఎండ కాస్తోంది, చుట్టూ మనుషులున్నారు. అయినా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.